ముందు ఎడమ రెక్క

చీమల్ని చంపడం నా ఉద్యోగం. చీమల్నే కాదు, చెదల్ని, బొద్దింకల్ని, నల్లుల్ని, కంపెనీ ఏది చంపమంటే దాన్ని చంపుతాను. పద్దెనిమిదేళ్ళుగా వీపున మందు పంపు తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతున్నాను. పని అయ్యాక ఇంటివాళ్ళ చేతిలో ఒక గ్యారంటీ కార్డు పెట్టేవాణ్ణి. ఆరు నెలల్లోపు ఒక్క చీమ కనబడినా ఫోన్ చెయ్యండి, మళ్ళీ వచ్చి ఊరికే కొడతాం అని దాని మీద రాసి ఉండేది. అలా ఫోన్ చేసినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి, ఆ ఎండాకాలం దాకా.

ఆ ఎండాకాలం మొదట్లోనే అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాం. అక్క ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. నన్ను పెంచింది తనే. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "పొద్దుణ్ణుంచీ వందమందితో పోట్లాడి వస్తున్నా, ఇంటికొచ్చి ఇంకొకడితోనా?" అని నోరు మూయించేది. కాలేయం పాడైందని తెలిసేసరికే ఆలస్యమైపోయింది. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, మూడు నెలలు అని చెప్పింది. పక్కకు పిలిచి లాభమేముంది, అక్క తలుపు వెనకే నిలబడి అంతా వింది.

"మూడు నెలల పాసన్నమాట," అంది ఆటోలో. తర్వాత నా వైపు తిరిగి, "పద్దెనిమిదేళ్ళబట్టి మందు కొడుతున్నది నువ్వు. లివరు పోయింది నాకు. ఇదేం న్యాయంరా?" అంది. ఆటో అతను కూడా నవ్వాడు.

నొప్పి పెద్దగా లేదు. దురద. దోమ కుట్టినప్పుడు వచ్చే దురదలాంటిది కాదు, చర్మం కింద ఎక్కడో పుట్టే దురద. అరికాళ్ళలో, అరచేతుల్లో, వీపులో. గీరుకుంటే తగ్గదు, గీరుకోకపోతే ఉండనివ్వదు. మాత్రలు ఇచ్చారు, పూత మందు ఇచ్చారు, దేనికీ లొంగలేదు. గోళ్ళు మొదలంటా కత్తిరిస్తే దువ్వెనతో గీరుకునేది. దువ్వెన దాచేస్తే మంచం కోడుకేసి వీపు రాసుకునేది. మా ఆవిడ పాత చొక్కా గుడ్డతో అక్క చేతులకు తొడుగులు కుట్టింది. "నొప్పయితే పళ్ళు బిగించి ఓర్చుకోవచ్చు అమ్మాయ్, దీన్ని ఓర్చుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు," అంది అక్క ఆ తొడుగులు వేసుకుంటూ. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

వెనక గదిలో కిటికీ పక్కన తన మంచం వేశాం. కిటికీ బయట పెరడు అనడానికి లేదు. నాలుగు మంచాలు పట్టేంత మట్టినేల, ఒక కుళాయి, ప్రహరీ గోడ. ఆ గోడ మొదట్లో గండుచీమల పుట్ట ఒకటి ఉండేది. మందు కొట్టేవాడి ఇంట్లో చీమల పుట్టేమిటని నవ్వేవాళ్ళు. ఊరందరి ఇళ్ళూ బాగుచేసి వచ్చాక సొంత ఇంటి మీద ఎవరికి ఓపికుంటుంది?

ఒకరోజు పొద్దున్నే కిటికీ ముందు కూర్చుని పంపులో మందు కలుపుకుంటున్నాను. లోపలినుంచి అక్క కేకేసింది.

"ఒరేయ్, అటు చూడు. చప్పుడు చెయ్యకు!"

అంత గట్టిగా అరిచి చప్పుడు చెయ్యకు అనడం తనకే చెల్లింది. పుట్ట దగ్గర ఒక గోరింక ఉంది. తల మీద, మెడ మీద ఈకలన్నీ ఊడిపోయి పసుపుపచ్చని తోలు కనబడుతోంది. కుడికాలికి ఒక వేలు లేదు. ముక్కుతో గండుచీమను పట్టుకుని, రెక్క ఎత్తి, దాని కింద గబగబా రుద్దుకుంది. ఆ చీమను పారేసి ఇంకొకదాన్ని పట్టుకుంది. ఆ హడావిడిలో తన తోక తనే తొక్కుకుని పక్కకు పడబోయింది. అక్క కిటికీ ఊచలు పట్టుకుని పకపకా నవ్వింది.

"బట్టతలావిడ అని పేరు పెట్టాను. నాలుగు రోజులుగా వస్తోంది. చూశావా, ముందు ఎడమ రెక్క. ఎప్పుడూ ముందు ఎడమదే. అది అయ్యాకే కుడిది."

"ఊఁ," అన్నాను. నా చూపు మందు కొలత మీద ఉంది.

"తినడం లేదురా. తినేదైతే ఎప్పుడో తినేది. ఎందుకు అలా రుద్దుకుంటోంది?"

"నాకేం తెలుసక్కా. చీమల్ని చంపడం వరకే నాకు తెలుసు."

"ఊళ్ళో అందరి వంటిళ్ళల్లోనూ దూరతావుగా, తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు ఉండకపోరు. కనుక్కో. ఈ మూడు నెలల్లో అదొక్కటి తెలిస్తే చాలు నాకు." తొడుగు వేసిన చేత్తో మెడ రుద్దుకుంటూ కాసేపు అటే చూసింది. "దానికీ నాలాగే ఒళ్ళంతా దురదేమో పాపం."

అప్పటినుంచి అక్కకు పొద్దు అక్కడే గడిచేది. గోరింక రాని వేళల్లో చీమలతో మాట్లాడేది. "ముందుకు జరగండి, మధ్యలో ఆగొద్దు. ముందంతా ఖాళీయే." ఆ గొంతు వింటే ఇంట్లో రోగి ఉన్నట్టే ఉండేది కాదు. నేను పనినుంచి రాగానే ఒకటే అడిగేది. "కనుక్కున్నావా?"

రెండు వారాలు తిరిగాక, కాలేజీలో ముప్పై ఏళ్ళు పక్షుల గురించి పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకాయన దొరికారు. ఆయన పుస్తకాల బీరువాకు చెదలు పట్టాయి. బీరువా వెనక మందు కొడుతూ అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది, చెదల సంగతే మరిచిపోయారు.

"దానిమీద పెద్ద గొడవే ఉందయ్యా. గండుచీమ ఒంట్లో పుల్లటి రసం ఒకటుంటుంది. నీ పంపులాంటిదే అనుకో, కోపమొస్తే వెనకనుంచి చిమ్ముతుంది. ఆ పులుపుకు ఈకల్లో పేలు చస్తాయని కొందరంటారు. కాదు, ఈకలు ఊడి కొత్తవి మొలిచేటప్పుడు చర్మం దురద పెడుతుంది, ఆ పులుపు దానికి హాయి అని ఇంకొందరు. అదేం కాదు, తినేముందు ఆ పులుపంతా కక్కించేస్తాయి, అంతేనని మరికొందరు. కలరా ఉండలు రుద్దుకున్న పక్షులున్నాయి. కాల్చి పారేసిన సిగరెట్ ముక్కలు రుద్దుకున్నవీ ఉన్నాయి."

"చివరికి ఏది నిజమండీ?"

"ఎవరికీ తెలీదయ్యా. పక్షిని అడిగితే చెప్పదు. చీమను అడుగుదామంటే అది బతికి ఉండదు." ఆయన నవ్వారు. "తెలీదని ఒప్పుకోవడానికే నాకు ముప్పై ఏళ్ళు పట్టింది."

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ తడిగుడ్డతో అక్క వీపు తుడుస్తోంది. ఆ వీపు చూడలేక తల తిప్పుకున్నాను. గుమ్మంలోనే అక్క అడిగింది. "కనుక్కున్నావా?"

ఎవరికీ తెలీదు అన్న మాట నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ళు ఎదురుచూసిన మనిషికి ఆ మాట ఎలా చెప్పను?

"దురదకేనట అక్కా. నువ్వన్నదే నిజం."

"ఎవరన్నారు?"

"పక్షుల మాస్టారు. పెద్దాయన. ముప్పై ఏళ్ళు అదే చదివారు."

"తగ్గుతుందటా?"

"తగ్గుతుంది కాబట్టేగా రోజూ వస్తోంది," అన్నాను. అక్క ముఖం చూసి చాలా మంచిపని చేశాననుకున్నాను. ఆ సాయంత్రం కడుపునిండా తిన్నాను కూడా.

తొమ్మిది రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, ఒక హోటల్ స్టోర్‌రూములో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసింది. ఏడుపులో మాట అర్థం కాలేదు. పంపు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాను.

మా ఆవిడ మందులషాపుకు వెళ్ళొచ్చిన పావుగంటలో జరిగింది. రెండడుగులు వెయ్యడానికి ఇద్దరం పట్టుకోవాల్సిన మనిషి, గోడ పట్టుకుని, దొడ్డి గుమ్మం మెట్టు దిగి, పుట్ట దాకా వెళ్ళింది. చేతుల తొడుగులు విప్పి పక్కన మడిచి పెట్టింది. నైటీ చేతులు పైకి మడుచుకుని, రెండు ముంజేతులూ పుట్ట మీద ఆనించి కూర్చుంది. మోచేతుల దాకా చీమలు. లేపబోతే మా ఆవిడ చెయ్యి విదిలించేసిందట.

"ఆగరా," అంది నన్ను చూసి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "ఇంకొక్క రెండు నిమిషాలు. మంటగా ఉందిరా, మంటంటే అలాంటిలాంటి మంట కాదు. కానీ దురద లేదు. ఇన్నాళ్ళకి దురద లేదు. మీ మాస్టారు నిజమే చెప్పాడు."

నేను ఆగలేదు. చంకల కింద చేతులు వేసి ఎత్తేశాను. పసిపిల్ల అంత బరువుంది. కుళాయి కింద చేతులు పెట్టి చీమల్ని కడిగేస్తుంటే, నిద్రపోతున్న పిల్లను లేపేసినట్టు బావురుమంది. అక్క ఏడవడం నేను చూడటం అదే మొదలు.

సాయంత్రానికి చేతులు వాచిపోయాయి. కుట్టిన ప్రతిచోటా నెత్తురు ఉబికి ఆగలేదు. డాక్టరమ్మ ఇంటికొచ్చి కట్లు కట్టింది. "ఈవిడకు చిన్న గాయమైనా మానదని చెప్పానుగా. చూసుకునేవాళ్ళు ఏంచేస్తున్నారు?" అని నన్ను కడిగిపారేసింది. అక్కను చీమల దగ్గరకు పంపింది నా మాటేనని ఆమెకు తెలియదు. రాత్రికి జ్వరం మొదలైంది.

మర్నాడు తెల్లారగానే పెరట్లోకి వెళ్ళాను. నా మీద నాకున్న కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. చేతికి చీమలే దొరికాయి. ఏ కస్టమర్ ఇంట్లోనూ పెట్టనంత శ్రద్ధ పెట్టాను. ఇనపచువ్వతో జానెడు జానెడు దూరంలో లోతుగా కన్నాలు పొడిచాను. అన్నిటిలోనూ పొడి పోసి, పైన మందు కొట్టి, గోడ వెంబడి కూడా కొట్టాను. పదింటికల్లా అంతా అయిపోయింది. చీపురుతో ఊడ్చి చేటకెత్తితే చేటెడు చీమలు.

జ్వరం నాలుగోరోజుకు జారింది. అక్కను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. కూర్చోగానే కిటికీలోంచి చూసింది. కాసేపటికి గోరింక వచ్చింది. పుట్ట ఉన్నచోట అటూ ఇటూ నడిచింది, మెడ వంచి నేలను చూసింది, ఎగిరిపోయింది.

"పుట్టేదిరా?"

"కొట్టేశానక్కా."

అక్క తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"గ్యారంటీ ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు."

అక్క పాసులో అప్పటికి ఇంకా నెలా పదిహేను రోజులు మిగిలి ఉంది. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు.

"నీ పని గట్టి పనేరా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం దిగదు.

మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. అంతా చెప్పేశాను. మాస్టారు మూడు కారణాలు చెప్పారని, ఏదీ నిజమని ఎవరికీ తెలీదని, దురద మాట నేనే ఏరి తెచ్చానని. అక్క కట్లున్న చెయ్యి నా తల మీద పెట్టింది.

"తెలీదంటే తెలీదనే చెప్పరా. నాకేమైనా పరీక్షలున్నాయా, తప్పు రాస్తానేమోనని భయపడటానికి? ఇంకెప్పుడూ నాతో అబద్ధం చెప్పకు."

"చెప్పనక్కా."

ఆ వారమే కంపెనీకి సెలవు పెట్టి గునపం పట్టుకున్నాను. మందు ఎంత లోతుకు దిగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? గోడ మొదట్లో మూరెడు లోతు మట్టి తవ్వి, గోనెసంచులకెత్తి, బండిలో వేసి పంపించేశాను. కొత్త మట్టి తెప్పించి నింపాను. అక్క కిటికీలోంచి చూస్తూ, "గ్యారంటీ ఇచ్చిన పనిని తనే తవ్విపోస్తున్న కంపెనీవాణ్ణి నిన్నే చూశా," అని ఎగతాళి చేసింది. ఎగతాళి చేసినందుకే నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత చీమలు కావాలి. మా కస్టమరు ఒకావిడ తోటలో గండుచీమలు ఉన్నాయని, వచ్చి చంపమని ఫోన్ చేసింది. వెళ్ళాను, పారతో పుట్టను మట్టితో సహా పెళ్ళగించి, గుడ్లతో, పిల్లలతో మూతబిందెలో వేసుకుని వచ్చేశాను. "చంపకుండా పట్టుకెళ్తున్నారేంటండీ?" అని ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. "కొత్త పద్ధతండీ," అన్నాను. ఇంటికొస్తే మా ఆవిడ బిందె వంక చూసింది, నా వంక చూసింది, తలుపు తీసి పట్టుకుంది.

ఆ చీమలు నిలబడలేదు. మర్నాటికి తెల్లటి గుడ్లు నోట కరుచుకుని బారులుగా గోడెక్కి అవతలికి వెళ్ళిపోయాయి. "అందరూ ఇక్కడే దిగిపోతున్నారేంటర్రా," అంది అక్క. గొంతు బాగా సన్నబడిపోయింది. రెండోసారి ఇంకోచోటినుంచి తెచ్చాను. కుళాయి నీళ్ళతో మట్టి తడుపుతూ, బెల్లంముక్క పెడుతూ, చంటిపిల్లల్ని సాకినట్టు సాకాను. వాటిలో కొన్ని ఉండిపోయాయి. మట్టిలో చిన్న కన్నం కనబడింది. దాని చుట్టూ రవ్వలాంటి మట్టి గింజలు. నేను వెళ్ళి అక్కకు చెప్పేసరికి అక్క నిద్రపోతోంది.

అప్పటికి నిద్రే ఎక్కువైంది. వానలు పడ్డాయి. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. దురద కూడా తెలియనంత మగతలో ఉండేది. నేను పనికి వెళ్ళడం మానేసి కిటికీ దగ్గరే కూర్చునేవాణ్ణి. చీమలున్నాయి. గోరింక లేదు. రోజూ పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం గోడ మీద వెతికేవాణ్ణి. కాకులు వచ్చేవి, పిచ్చుకలు వచ్చేవి. మెడ మీద ఈకల్లేని ఆ ఒక్క పిట్ట రాలేదు.

వాన వెలిసిన ఒక పొద్దున అక్క కళ్ళు మూసుకునే అడిగింది.

"వచ్చిందా?"

తెలీదంటే తెలీదని చెప్పమంది. లేదంటే లేదనే చెప్పాలి. నోరు తెరిచాను. తన చెయ్యి నా చేతిలో ఉంది. వెదురుపుల్లలా ఉంది.

"వచ్చిందక్కా. ఇప్పుడే దిగింది."

"ఏంచేస్తోంది?"

"చీమను పట్టింది. రెక్క ఎత్తింది."

"ఏ రెక్క?"

"కుడి రెక్క. దాని కింద రుద్దుకుంటోంది."

అక్క పెదవులు కదిలాయి. నవ్విందనుకున్నాను. నమ్మిందనుకున్నాను. చాలాసేపటికి, "సరేలే," అంది. "రుద్దుకోనీ పాపం." నా చేతిని రెండుసార్లు నొక్కింది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు అలాగే నొక్కేది, భయపడకు అన్నట్టు.

ఆ తర్వాత ఏమీ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

వెనక గదిలో మంచం ఎత్తేశాం. నేను మళ్ళీ పంపు తగిలించుకుని పనిలోకి వెళ్ళాను. పెరట్లో పుట్ట మాత్రం పెరిగింది. మా ఆవిడ అంట్లు కడిగిన నీళ్ళు అటు పోకుండా ఇటుకలు అడ్డం పెట్టింది.

వానలు తగ్గాక ఒక ఉదయం మామూలుగా కిటికీ ముందు కూర్చుని మందు కలుపుకుంటున్నాను. గోడ మీదనుంచి ఒక గోరింక దిగింది. తలా మెడా నిండా నల్లటి కొత్త ఈకలు, నిగనిగలాడుతున్నాయి. ఇది వేరేదనుకున్నాను. కుడికాలు చూశాను. ఒక వేలు లేదు.

కొలతగ్లాసు కింద పెట్టేశాను. అన్నాళ్ళలో మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. అది చీమను పట్టుకుంది. ఎడమ రెక్క ఎత్తింది. దాని కిందే చాలాసేపు రుద్దుకుంది. ఆ తర్వాతే కుడిది. మర్నాడు చూశాను, ఎడమదే ముందు. ఆ వారమంతా చూశాను. ఒక్కరోజు కూడా కుడి రెక్క ముందు ఎత్తలేదు.

అక్కకు తెలుసు. నేను కుడి అనగానే తెలిసిపోయింది. అయినా సరేలే అంది.

కంపెనీవాళ్ళకు చెప్పి గ్యారంటీ కార్డుల కట్ట వెనక్కిచ్చేశాను, కావాలంటే వాళ్ళే ఇచ్చుకోమన్నాను. పని మాత్రం చేస్తున్నాను, వేరే పని రాదు. మొన్న ఒక ఇంట్లో చిన్నపిల్ల నా పంపు చూసి వెంటపడింది. వాళ్ళింటి మేడమీద ఒక పిట్ట చీమల్ని ఒంటికి రాసుకుంటుందట. ఎందుకు అంకుల్ అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాను.